మా పాప హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడతానంటోంది, ఆడించినవాళ్లు కాస్త చెప్పండి

ఫ్రిస్కో_అమ్మ (టెక్సస్)

అందరికీ నమస్తే. మా పాపకి ఎనిమిదో గ్రేడ్ అయిపోవచ్చింది, ఆగస్టులో హైస్కూలు. పీఈ క్లాసులో బంతి విసరడం చూసి టీచర్ "సాఫ్ట్‌బాల్‌కి రావొచ్చుగా" అన్నారట. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో అదే గోల. అది బేస్‌బాల్ లాంటి ఆటని తప్ప నాకేం తెలీదు. ఇప్పటిదాకా తను ఆడిందల్లా వాళ్ల నాన్నతో పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బాల్ క్రికెట్. ఊళ్లో సరదాగా ఆడే రెక్ లీగ్ లేదు, ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ టీమ్ లేదు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, అది అటకెక్కుతుందేమోనని నా బెంగ. మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ బెంగ వేరు. "ఈ ఎండలో ఆడితే పిల్ల నల్లబడిపోతుందే, రేపు పెళ్లి చేయొద్దూ" అని. పద్నాలుగేళ్ల పిల్లకి! మా వారు పైకి ఏమీ అనరు గానీ రాత్రిళ్లు యూట్యూబ్‌లో పిచింగ్, అంటే బంతి వేయడం వీడియోలు చూస్తున్నారు.

ఇంత ఆలస్యంగా మొదలుపెడితే అసలు తీసుకుంటారా? చదువుకి టైమ్ మిగులుతుందా? దెబ్బల సంగతేంటి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నా మొహమాటం చూడకండి.

డగౌట్_నాన్న (కేటీ, టెక్సస్)

మా పెద్దమ్మాయి ఇప్పుడు లెవెంత్ గ్రేడ్, క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటిది. నేను టెక్సస్ సంగతే చెప్తాను, మిగతా రాష్ట్రాల లెక్కలు వేరు.

జనవరి చివర్లో ట్రయౌట్స్, అంటే టీమ్ ఎంపిక. ఫిబ్రవరిలో మ్యాచ్‌లు మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లు ఎక్కువగా మంగళ, శుక్రవారాల్లో పెడతారు. బయట స్కూల్లో మ్యాచ్ ఉంటే చివరి పీరియడ్ పోయినట్టే. బస్సు తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. అప్పుడు అన్నం తిని హోంవర్క్‌కి కూర్చోవాలి. బడి వేళల బయట ప్రాక్టీసు వారానికి 8 గంటలు దాటకూడదని స్కూల్ ఆటలు చూసే రాష్ట్ర సంస్థ యూఐఎల్ రూలు ఉంది కాబట్టి మరీ పిండేయరు. బడి వేళల్లోనే అథ్లెటిక్స్ పీరియడ్ ఒకటి ఉంటుంది, అది వేరే.

మార్కుల భయం మీకు అక్కర్లేదు, మీ బదులు రాష్ట్రమే పడుతుంది. "నో పాస్ నో ప్లే" అని 1984లో చట్టం చేశారు. మామూలు క్లాసుల్లో ఏ సబ్జెక్టులో 70 కంటే తగ్గినా కనీసం మూడు వారాలు మ్యాచ్ ఆడనివ్వరు. మా ఇంట్లో కెమిస్ట్రీ పుస్తకం ఎవరూ చెప్పకుండా తెరుచుకున్నది ఈ రూలు పుణ్యాన్నే. అసలు చిక్కు మే నెలలో వస్తుంది. మొదటి రెండు వారాలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, అప్పుడే ప్లేఆఫ్‌లు. టీమ్ గెలవాలని మొక్కుకోవాలో ఓడాలని మొక్కుకోవాలో తెలియదు.

దెబ్బల మాటకొస్తే, క్యాచర్ అంటే ఏడు ఇన్నింగ్స్ గొంతుక్కూర్చోవడమే. ముందు పోయేవి మోకాళ్లు.

లలిత_ఎడిసన్ (న్యూజెర్సీ)

మీ టెక్సస్ వాళ్లకేం బాబూ, ఫిబ్రవరిలోనే ఎండ. మాకు మార్చిలో మొదలవుతుంది. కాళ్ల మీద దుప్పటి, చేతిలో ఫ్లాస్కు, గ్రౌండ్ పక్కన ఇంకా కరగని మంచు. ఇంకో సంగతి, ఖరీదైన కాంపోజిట్ బ్యాట్‌లు చలికి పగులుతాయి. మా పక్కావిడ కూతురి కొత్త బ్యాట్ అలాగే పోయింది. చలిలో వాడటానికి అల్యూమినియంది ఒకటి చవకలో కొనిపెట్టుకోండి.

ఆలస్యం గురించి: మా అమ్మాయి నైన్త్‌లోనే తొలిసారి గ్లవ్ తొడిగింది, జేవీలో, అంటే స్కూలు రెండో టీమ్‌లో తీసుకున్నారు. అది స్కూలును బట్టి ఉంటుంది. ట్రావెల్ ఆడిన పిల్లలు క్యూ కట్టే స్కూలైతే కష్టం. లేదంటే పరిగెత్తగలిగి, బంతిని తిన్నగా విసరగలిగి, చెప్పింది వినే పిల్లకి జేవీలోనో ఫ్రెష్‌మన్ టీమ్‌లోనో చోటుంటుంది. మొదటి ఏడు రైట్ ఫీల్డ్‌లో నిలబెడతారు, అక్కడికి బంతి తక్కువ వస్తుందని. మా అమ్మాయి మొదటి నెల అక్కడ నిలబడి మేఘాలు లెక్కపెట్టింది.

కూచిపూడి మానిపించకండి. ఫీల్డింగ్‌లో మోకాళ్లు వంచి కిందికి ఉండమని మిగతా పిల్లలకి కోచ్ అరిచి అరిచి చెప్పాలి. అరమండిలో పెరిగిన పిల్లకి ఆ బాధ లేదు. కాకపోతే రెండూ మోకాళ్ల మీద పడేవే, సీజన్‌లో డాన్స్ క్లాసులు సగానికి తగ్గించమని మా ఫిజియో చెప్పారు.

మార్గదర్శి_99

అందరూ పిల్లల్ని మెచ్చుకోవడమే గానీ నిజం ఎవరూ చెప్పరు. మన పిల్లలు కాలేజీ ఆటల ఎన్సీఏఏలో ఆడేది లేదు, స్కాలర్‌షిప్ వచ్చేది లేదు. ఆ గంటలు మ్యాథ్ మీద పెడితే పనికొస్తుంది. పోనీ ఆటే కావాలంటే టెన్నిస్ ఉంది, నలభై ఏళ్లకి కూడా ఆడుకోవచ్చు. నలభై ఏళ్లకి సాఫ్ట్‌బాల్ ఎవరితో ఆడుతుంది?

లలిత_ఎడిసన్

నలభై ఏళ్లకి మీరు ట్రిగనామెట్రీ ఎవరితో ఆడుతున్నారండీ?

బకెట్_బాబాయ్ (షార్లెట్, నార్త్ కరోలినా)

లలిత గారూ, ఆ దెబ్బకి మార్గదర్శి గారు ఇంక లేవరు.

మాది పిచర్ ఇల్లు. పేరు చూసే కనిపెట్టి ఉంటారు. పిచర్ తండ్రి బతుకంతా బకెట్ మీదే గడుస్తుంది, దాని మూత మీద మెత్త వేసుకుని కూర్చుని బంతులు పట్టాలి. నేను గుంటూరులో కాలేజీ టీమ్‌కి వికెట్ కీపర్ని, నాకిదో లెక్కా అనుకుని దిగాను. పన్నెండు అంగుళాల చుట్టుకొలత ఉన్న పచ్చటి బంతి, కుట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. బౌన్స్ అయి రాదు, చెయ్యి గిర్రున తిప్పి నడుము పక్కనుంచి వదిలితే గాల్లోనే వంకరపోయి వస్తుంది. చివర్లో కిందికి దిగిపోయే డ్రాప్ బాల్ ఒకటి నా గ్లవ్ కింద నుంచి దూరి ముంగాలికి తగిలింది. రెండు రోజుల తర్వాత చూస్తే నల్లగా కమిలిన చోట బంతి కుట్ల అచ్చు వరసగా కనిపిస్తోంది. మా ఆవిడ ఫొటో తీసి రెండు వైపుల బంధువుల గ్రూపుల్లోనూ పెట్టింది. ఆ మర్నాడే షిన్ గార్డులు కొన్నాను.

ఇప్పుడు అసలు విషయం. పన్నెండేళ్ల లోపు పిల్లలకి పిచింగ్ దూరం 40 అడుగులు, హైస్కూల్లో 43. గంటకి 60 మైళ్ల వేగంతో వేసే పిల్ల ఎదురుగా ఉంటే, బంతి చేతి నుంచి వదిలాక బ్యాటర్‌కి అర సెకను కూడా దొరకదు. అదే బంతిని బలంగా కొడితే తిరిగి పిచర్ మొహం మీదికే వస్తుంది. బ్యాటింగ్ హెల్మెట్‌కి మొహం ముందు జాలీ ఉండాలన్నది హైస్కూల్ రూలే. ఫీల్డర్ల మాస్క్ మాత్రం ఇష్టం ఉంటేనే. మా ఇంట్లో ఆ ఇష్టానికి చోటు లేదు. మాస్క్ లేకపోతే కారు కదలదు. మీ పాప పిచింగో, థర్డ్ బేసో, ఫస్ట్ బేసో ఆడితే ఈ ఒక్క విషయంలో దాని మాట వినకండి.

రెండోది భుజం. "కింది నుంచే కదా వేసేది, భుజానికేం కాదు" అని అందరూ అంటారు, కొందరు కోచ్‌లు కూడా. ఆర్థోపెడిక్ డాక్టర్‌ని అడగండి, అలా అనరు. బేస్‌బాల్ ఆడే అబ్బాయిలకి ఇన్ని బంతుల తర్వాత ఆపాలి, ఇన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాలి అని ప్రతి రాష్ట్రమూ నియమం పెట్టాలని హైస్కూళ్ల జాతీయ సమాఖ్య 2017 నుంచి పట్టుబట్టింది. అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కి అలాంటి షరతు పెట్టలేదు. అంటే శనివారం టోర్నమెంట్‌లో ఒకే పిల్ల పొద్దున మ్యాచ్, మధ్యాహ్నం మ్యాచ్, సాయంత్రం మ్యాచ్ వేసినా అడిగేవాడు లేడు. లెక్క మనమే పెట్టుకోవాలి. నేను స్కోర్ రాస్తానని ముందుకెళ్లింది అందుకే. గేమ్‌ఛేంజర్ యాప్‌లో బంతుల లెక్క దానంతటదే వస్తుంది, అది కోచ్‌కి చూపిస్తే గొడవ లేకుండా పని జరుగుతుంది.

క్రికెట్ నాన్నలకి ఇంకో మాట. కొట్టాక పరిగెత్తాలా వద్దా అని ఆలోచించే హక్కు ఇక్కడ లేదు, కొడితే పరిగెత్తాల్సిందే. అవుటయ్యే మూడో తప్పు, అంటే మూడో స్ట్రైక్ మిస్సయినా, క్యాచర్ ఆ బంతిని సరిగ్గా పట్టకపోతే కొన్ని సందర్భాల్లో ఫస్ట్ బేస్‌కి పరిగెత్తి బతికిపోవచ్చు. మా నాన్నకి ఇది ఫోన్లో చెప్తే "అవుటయ్యాక పరిగెత్తడం ఏంట్రా, అదేం ఆట" అన్నారు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

సుజాత_ఫ్రీమాంట్ (కాలిఫోర్నియా)

ఆట గురించి అందరూ చెప్పారు, నేను బెంచీ గురించి చెప్తాను. దాని గురించి ఎవరూ రాయరు.

మా అమ్మాయి టెన్త్‌లో వార్సిటీకి, అంటే స్కూలు మొదటి టీమ్‌కి వెళ్లింది. ఆ ఏడాది చాలా మ్యాచ్‌లు డగౌట్‌లోనే కూర్చుంది. మధ్యమధ్యలో పిచర్ బదులు పరిగెత్తడానికి పంపేవాళ్లు, కర్టెసీ రన్నర్ అంటారు. పరిగెత్తి వచ్చి మళ్లీ కూర్చోవడమే. మనం గంట ముందు ఆఫీసులో లేచి, ట్రాఫిక్‌లో పడి వెళ్లేది దీనికా అనిపిస్తుంది. మా ఆయనకైతే బీపీ. "కోచ్‌తో నేను మాట్లాడతా" అని నాలుగుసార్లు లేచారు, నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. చాలా టీమ్‌లలో ఒక పద్ధతి ఉంటుంది, మ్యాచ్ అయిన 24 గంటల దాకా తల్లిదండ్రులు కోచ్ దగ్గరికి వెళ్లకూడదు. ఎవరు పెట్టారో గానీ మా ఆయనలాంటి వాళ్లని చూసే పెట్టి ఉంటారు. ఆ తర్వాత కూడా ఎవరు ఎంతసేపు ఆడాలన్న విషయం తల్లిదండ్రులతో మాట్లాడం అని మా కోచ్ సీజన్ మొదట్లోనే చెప్పేశారు. పిల్లే వెళ్లి అడగాలి.

మా అమ్మాయి వెళ్లడానికి నెల పట్టింది. ఇంట్లో మాతో గొంతు చించుకునే పిల్ల, కోచ్ ఎదుట నీళ్లు నమిలిందట. చివరికి "నేను ఆడాలంటే ఏం మెరుగుపడాలి?" అని అడిగింది. ఆవిడ బంట్ చేయడం (బంతిని బ్యాట్‌తో మెల్లగా తట్టడం), అవుట్‌ఫీల్డ్ నుంచి కటాఫ్‌కి (మధ్యలో అందుకునే ఫీల్డర్‌కి) తిన్నగా విసరడం అని రెండు విషయాలు చెప్పారు. దానికి కోపం వచ్చింది, కానీ చేసింది. వచ్చే ఏడాది ఆడిందా అని అడగకండి. కొన్ని మ్యాచ్‌లు ఆడింది, కొన్ని ఆడలేదు. ఇప్పుడు కాలేజీలో ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి మార్కులెందుకు తగ్గాయో అడగడానికి మాత్రం జంకదు. నాకైతే ఇప్పటికీ జంకే.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో ఆట గురించి ఎత్తొద్దు. "ఏం తింటావు" అని మాత్రం అడగండి.

డగౌట్_నాన్న

సుజాత గారి చివరి రెండు లైన్లు ప్రింట్ తీసి నా స్టీరింగ్ మీద అతికించింది మా ఆవిడ. నిజంగా.

ఫ్రిస్కో_అమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. బాబాయ్ గారూ, మీ ముంగాలి కథ మా వారికి చదివి వినిపించాను. "షిన్ గార్డ్స్ ఎంతవుతాయి?" అన్నారు. అంటే బకెట్‌కి సిద్ధమైపోయారన్నమాట.

అమ్మలకి రెండు చిన్న ప్రశ్నలు. మా స్కూల్ యూనిఫాంలో తెల్ల ప్యాంటు ఉంది. నెలసరి రోజుల్లో పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారు? రెండోది, మేం శాకాహారులం. టీమ్ భోజనాలు, టోర్నమెంట్ రోజులు ఎలా?

లలిత_ఎడిసన్

ప్యాంటు కింద నల్లటి స్లైడింగ్ షార్ట్స్ వేస్తారు, బిగుతుగా తొడల దాకా ఉంటాయి. జారినప్పుడు చర్మం గీరుకుపోకుండా వాటిని కనిపెట్టారు గానీ దీనికీ పనికొస్తాయి. పీరియడ్ అండర్‌వేర్ కూడా వాడుతున్నారు. బ్యాగులో ఇంకో ప్యాంటు తప్పనిసరి. మా టీమ్ అమ్మలం బూస్టర్ క్లబ్ (టీమ్‌కి నిధులు పోగుచేసే తల్లిదండ్రుల సంఘం) మీటింగ్‌లో కలిసి అడిగితే వచ్చే సీజన్‌కి గ్రే ప్యాంట్లు ఇచ్చారు. తొమ్మిది మంది అమ్మలు ఒకేసారి చెయ్యెత్తితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అడగండి.

సుజాత_ఫ్రీమాంట్

తిండికి ఇబ్బంది లేదు. కన్సెషన్ స్టాండ్‌లో హాట్ డాగ్, నాచోస్ తప్ప ఏముండవు, కాబట్టి డబ్బా తీసుకెళ్లాల్సిందే. పులిహోర ఎండకి త్వరగా పాడవదు, చల్లారినా బాగుంటుంది. ఒకసారి ఎక్కువ తీసుకెళ్లాను, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే) పిల్ల రుచి చూసింది, ఆ తర్వాత ప్రతి శనివారం "ఆ ఎల్లో రైస్ ఉందా?" అని వాళ్లమ్మ చేత మెసేజ్ పెట్టించేది.

ఇంకోటి. మన అమ్మలకి ఒక విద్య ఉంది, దాన్ని వాడుకోండి. హెల్మెట్ కింద జుట్టు బిగుతుగా ఉండాలి కదా, పిల్లలందరూ మ్యాచ్ ముందు జడల కోసం క్యూ కడతారు. వాళ్ల అమ్మలు వేస్తే రెండో ఇన్నింగ్స్‌కల్లా ఊడిపోతున్నాయి. నేను మా అమ్మ నాకు వేసినట్టు నూనె చెయ్యి తగిలించి, లాగి, మూడు పాయలూ బిగించి వేశాను. ఏడో ఇన్నింగ్స్ దాకా వెంట్రుక కదల్లేదు. ఆ రోజు నుంచి టీమ్ జడలన్నీ నా డ్యూటీ. గ్రౌండ్‌కి ముప్పావు గంట ముందు వెళ్లి కారు వెనక టెయిల్‌గేట్ మీద కూర్చుంటే, ఒకరి తర్వాత ఒకరు. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరికి గణితంలో సీ వచ్చిందో అన్నీ జడ వేసేటప్పుడే తెలుస్తాయి. కోచ్‌కి కూడా అంత తెలియదు.

ఎర్రమట్టి మరకలకి రిన్ సబ్బు. ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది.

మార్గదర్శి_99

నేను లేచాను బాబాయ్ గారూ. స్కాలర్‌షిప్ మాట ఎవరూ ఎత్తలేదేం? ట్రావెల్ టీమ్‌కి ఏటా వేల డాలర్లు పోస్తారు, హోటళ్లు, పెట్రోలు వేరు. ఆ డబ్బు కాలేజీ చదువుల పొదుపు ఖాతా 529లో వేస్తే ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

డగౌట్_నాన్న

ఈ ఒక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. స్కాలర్‌షిప్ కోసమైతే ట్రావెల్ వద్దు. ఐవీ లీగ్ వాళ్లు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఎన్సీఏఏలో కింది స్థాయి డివిజన్ త్రీ కాలేజీలూ ఇవ్వవు. పై స్థాయి డివిజన్ వన్‌లో ఎన్నో ఏళ్లు టీమ్ మొత్తానికి 12 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటిని ముక్కలు చేసి పంచేవారు. 2025 నుంచి లెక్క మారింది, ఆటగాళ్లకి కాలేజీలు డబ్బివ్వొచ్చన్న కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో టీమ్‌కి 25 మంది పరిమితి. స్కాలర్‌షిప్‌లు పెరగొచ్చు గానీ జాబితాలో చోటు గట్టిగా బిగిసింది. కాలేజీ కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడటం లెవెంత్ గ్రేడ్ సెప్టెంబరు 1 నుంచే. నైన్త్‌లోనే "మీ అమ్మాయిని రిక్రూట్ చేయిస్తాం" అని డబ్బులడిగేవాళ్లుంటే దూరం పెట్టండి.

నిజారీ కెనడీ ఉంది, టెక్సస్ టెక్ యూనివర్సిటీకి ఆడిన పిచర్, ఆమెకి పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం వచ్చిందని మా వాట్సాప్ గ్రూపులో తిప్పారు. నిజమే. మన పిల్లలు కెనడీలు కారు, అదీ నిజమే.

కానీ డబ్బు తిరిగి రానిదల్లా దండగ అంటే మనం అరంగేట్రాలకి పెట్టేదేంటి మార్గదర్శి గారూ?

మార్గదర్శి_99

మాకు ఇద్దరూ మగపిల్లలే. మీరు గెలిచారు.

పీఈటీ_మాస్టారు (అనంతపురం)

నేను ఈ చర్చలో ఉండాల్సినవాణ్ని కాదేమో. అనంతపురం జిల్లాలో పీఈటీగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు కూతురి దగ్గరికి అట్లాంటా వచ్చాను. మీ మాటలు చదువుతుంటే ముచ్చటేసింది.

మన దగ్గరా సాఫ్ట్‌బాల్ ఉందమ్మా. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆటల్లో అండర్ 14, 17, 19 విభాగాల్లో జరుగుతుంది. మన పిల్లలు జిల్లా, రాష్ట్ర పోటీలు దాటి జాతీయ పోటీలకి వెళ్తారు. మా స్కూల్లో గ్లవ్‌లు టీమ్ మొత్తానికి సరిపోయేవి కావు. ఇన్నింగ్స్ అయిపోగానే ఫీల్డర్లు గ్లవ్ ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చేవాళ్లు, అవతలి టీమ్ అమ్మాయిలు వెళ్లి అవే తొడుక్కునేవాళ్లు. ఎడమచేతి వాటం పిల్ల ఉంటే ఆ పిల్లకి మాత్రం తిప్పలే. ఒకమ్మాయి ఉత్త చేత్తోనే పట్టేది.

ఎండకి నల్లబడటం గురించి మీ అత్తగారితో నా మాటగా చెప్పండి. మా ఊళ్లో ఎండ మీ టెక్సస్‌కి తీసిపోదు. ఆ ఎండలో ఆడిన పిల్లల్లో కొందరు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. వాళ్ల పెళ్లిళ్లకి నేను వెళ్లి భోంచేసి వచ్చాను.

ఫ్రిస్కో_అమ్మ

మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. "పెళ్లిళ్లు బాగా జరిగాయా?" అని అడిగారు. ఆవిడకి అదొక్కటే కావాలి.

పీఈటీ_మాస్టారు

దివ్యంగా జరిగాయని చెప్పమ్మా.

ఓక్లహోమా_రావు

మా పిల్లలు ఆడరు, నేను చూసేవాణ్ని. మే చివర్లో ఓక్లహోమా సిటీలో డెవన్ పార్క్‌లో విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్, అంటే కాలేజీ సాఫ్ట్‌బాల్ ఆఖరి పోటీలు జరుగుతాయి. డల్లాస్ వైపు వాళ్లకి మూడు గంటల డ్రైవ్. 2021 నుంచి 2024 దాకా వరసగా మా ఓక్లహోమా యూనివర్సిటీయే గెలిచింది. 2025లో మీ టెక్సస్ వాళ్లు తొలిసారి కొట్టారు, దాని గురించి మాట్లాడుకోవద్దు. పాపని ఒక్కసారి తీసుకెళ్లండి. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో అయినా సాఫ్ట్‌బాల్ మాత్రం మా ఊళ్లోనే పెడుతున్నారు. క్రికెట్టూ అదే ఒలింపిక్స్‌లో ఉంది, అది కాలిఫోర్నియా పొమోనాలో. మీ వారు ఎటు వెళ్లాలో తేల్చుకోలేక చస్తారు.

ఫ్రిస్కో_అమ్మ

నిర్ణయం అయిపోయిందండీ. వేసవిలో స్కూల్ క్యాంపుకి పంపిస్తున్నాం, జనవరిలో ట్రయౌట్‌కి వెళ్తుంది. కూచిపూడి గురువుగారితో కూడా మాట్లాడాను, సీజన్‌లో ఆదివారం క్లాసు ఒక్కటే చాలన్నారు. ఇప్పుడు గ్లవ్ కొనాలి. షాపుకెళితే గోడ నిండా ఉన్నాయి, ఏది తీసుకోవాలో అర్థంకాక తిరిగొచ్చేశాం.

బకెట్_బాబాయ్

బేస్‌బాల్ గ్లవ్ కొనకండి, స్లోపిచ్ (బంతిని మెల్లగా వేసే ఆట) గ్లవ్ కూడా కాదు. ఫాస్ట్‌పిచ్ అని రాసి ఉండాలి. ఆడపిల్లల చేతికి తగ్గట్టు మణికట్టు దగ్గర ఇరుకుగా చేస్తారు. మొదటిసారికి 12 అంగుళాలది తీసుకోండి, ఇన్‌ఫీల్డ్‌కైనా అవుట్‌ఫీల్డ్‌కైనా నడుస్తుంది. మరీ ఖరీదైంది వద్దు. కొత్త తోలు బిర్రుగా ఉంటుంది. ఓవెన్‌లో పెట్టమని, మైక్రోవేవ్‌లో పెట్టమని యూట్యూబ్‌లో చెప్తారు, నమ్మొద్దు, తోలు పెళుసెక్కి చస్తుంది. మీ వారిని రోజూ ఒక అరగంట బంతులు విసరమనండి, అదే మెత్తబడుతుంది. బ్యాట్ ఇప్పుడే వద్దు. ట్రావెల్‌లో చెల్లే ప్రతి బ్యాటూ స్కూల్ మ్యాచ్‌లో చెల్లదు, కోచ్‌ని అడిగి కొనండి.

అసలు కొనడం ఎందుకు, మా చిన్నదాని పాత గ్లవ్ ఒకటి బాగా మెత్తబడింది ఉంది, పోస్టులో పంపిస్తాను. కుడిచేతి వాటమేగా?

ఫ్రిస్కో_అమ్మ

అయ్యో, ఎంత మంచి మనసండీ మీది. ఎడమచేతి వాటం.

బకెట్_బాబాయ్

ఎడమచేతి వాటమా! ఇంత పొడవు చర్చ జరిగితే ఈ మాట ఇప్పుడా చెప్పేది తల్లీ?

మా గ్లవ్ మీకు పనికిరాదు, అది ఎడమచేతికి తొడిగేది. మీకు కుడిచేతికి తొడిగేది కావాలి, షాపు గోడ మీద ఒకటో రెండో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టండి. షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్, థర్డ్ బేస్ ఎలాగూ ఇవ్వరు, ఫస్ట్ బేస్, అవుట్‌ఫీల్డ్, లేదంటే పిచింగ్. బ్యాటింగ్‌లో మాత్రం ఎడమవైపు నిలబడే పిల్ల ఫస్ట్ బేస్‌కి రెండడుగులు దగ్గర. పరిగెత్తుతూనే బంతిని తట్టడం నేర్పుతారు, స్లాపింగ్ అంటారు. కాళ్లలో వేగం, తాళం ఉన్న పిల్లకి అది ఇట్టే వస్తుంది. క్యాంపులో మొదటి రోజే కోచ్‌కి చెప్పమనండి, "నేను ఎడమ, నాకు స్లాపింగ్ నేర్పండి" అని. అమ్మానాన్నలు కాదు, పాపే చెప్పాలి.

మీ వారికి బకెట్ ఎక్కడ కొనాలో ప్రైవేట్ మెసేజ్ పెడుతున్నాను.